గెస్ట్ లెక్చర్ గారికి సమన్వయకర్త విన్నపం

మహారాజశ్రీ అతిథి ఉపన్యాసం గారి సముఖానికి,

నెల్లూరు శివార్లలో, హైవే పక్కనున్న ఒక ఇంజినీరింగ్ కాలేజీలో, సివిల్ విభాగం తరఫున ఆరేళ్లుగా తమరి రాకపోకల ఏర్పాట్లు చూస్తున్న సమన్వయకర్త నమస్కరించి రాసుకున్న విన్నపం. ఇక్కడ అందరం క్షేమం. తమరి క్షేమం గురించి అడగవలసిన పని లేదు, ఎందుకంటే సెమిస్టరుకు రెండుసార్లు తమరిని గేటు దగ్గర ఎదుర్కొని, శాలువా కప్పి, ఫోటోలు తీయించి, భోజనం పెట్టించి, కారెక్కించి సాగనంపేది నేనే. మా కాలేజీలో తమరిని పూర్తి పేరుతో ఎవరూ పిలవరు. అధ్యాపకులు గెస్ట్ లెక్చర్ అంటారు. పిల్లలు ఇంకా క్లుప్తంగా ‘గెస్టు’ అంటారు. తమరు వచ్చిన రోజున రెండు పీరియడ్ల అటెండెన్సు ఒకేసారి పడుతుంది గనుక వారికి తమరంటే అమితమైన గౌరవం.

తమరిని మా సిలబసులోకి పిలిచిన ఉద్దేశంలో వంక పెట్టడానికేమీ లేదు. రేపటివారి అవసరాలకు గండి కొట్టకుండా ఇవాళ్టి అవసరానికి తగినట్టు కట్టుకోవడం ఎలాగో, అంటే సుస్థిర రూపకల్పన అన్నది, పుస్తకం బట్టీ పడితే వచ్చే విద్య కాదని, ఎండలో సైటు మీద నిలబడి, ఇంటి యజమానితో వాదించి, సగం వాదనల్లో ఓడిపోయి, తాను కట్టినదాన్ని పదేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి చూసుకున్న మనిషి నోట వినాలని ఎవరో పెద్దలు సరిగ్గానే ఆలోచించారు. ఆ మనిషిని తీసుకువచ్చే బండిగా తమరిని ఏర్పాటు చేశారు. నా ఫిర్యాదల్లా ఒక్కటే. మనిషిని ప్రతిసారీ భద్రంగా హాలు దాకా చేరుస్తున్నారు, ఆయన అనుభవాన్ని మాత్రం ప్రతిసారీ గేటు బయటే దించేసి వస్తున్నారు.

పోయిన ఏప్రిల్‌లో తమరు దయచేసిన రోజునే తీసుకుందాం. వేదిక వెనక 16 అడుగుల ఫ్లెక్సీ కట్టించాను. దాని మీద ఒక ఆకుపచ్చ ఆకు, ఆకులో భూగోళం, భూగోళం కింద మా ఛైర్మన్ గారి ఫోటో. వంద మైక్రాన్ల లోపు మందం ఉండే పీవీసీ బ్యానర్లను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారని తెలిసినవాణ్ని గనుక, షాపువాడికి ఫోను చేసి మరీ మందంగా ఉండే రకం వేయమన్నాను. పర్యావరణ నిబంధనను పాటించడం కోసం మామూలు కంటే ఎక్కువ ప్లాస్టిక్ వాడిన ఘనత ఆ విధంగా నాకు దక్కింది. ఏసీల విషయంలోనూ నిబంధన తప్పలేదు. 2020 జనవరి నుంచి తయారయ్యే ఏసీలు స్విచ్చి వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలు కావాలని నియమం ఉంది, మావి కూడా బుద్ధిగా అక్కడే మొదలయ్యాయి. తర్వాత రిమోటు నా చేతికి వచ్చింది, 18కి దించాను. ప్రొజెక్టరు బాగా కనపడాలని కిటికీలన్నీ మూయించి, తెరలు దించి, వేదిక మీద మాత్రం దీపాలు వెలిగించాం. పగటి వెలుతురును గదిలోకి రప్పించుకోవడం ఎలాగన్న స్లైడు ఆ చీకట్లో ఎంతో స్పష్టంగా కనపడింది.

వచ్చినాయన చిన్నవాడేం కాదు, పాతికేళ్లుగా పెద్ద పెద్ద కట్టడాలు చేస్తున్న ఇంజినీరు. తమరి సన్నిధిలో ఆయన ఏం చెప్పారు? సుస్థిర అభివృద్ధికి ఐక్యరాజ్యసమితి సంఘం 1987లో ఇచ్చిన బ్రంట్‌లాండ్ నివేదికలోని నిర్వచనం చెప్పారు. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడులో ఏడెనిమిది శాతం సిమెంటుదేనని చెప్పారు. 2004లో హైదరాబాదులో ప్రారంభమైన గ్రీన్ బిజినెస్ సెంటరు గురించి, దానికి వచ్చిన ప్లాటినం రేటింగు, అంటే హరిత భవనాలకిచ్చే అన్నిటికన్నా పై గ్రేడు, గురించి చెప్పారు. తిరువనంతపురంలో ఆర్కిటెక్టు లారీ బేకర్ ఇటుకలను నిలబెట్టి, మధ్యలో బోలుగా వదిలి కట్టించిన రాట్ ట్రాప్ గోడలను చూపించి, నాలుగో వంతు దాకా ఇటుకలు మిగులుతాయన్నారు. అన్నీ నిజాలే, కాదనను. ఆ నిజాలన్నీ మా మూడో యూనిట్‌లో ఉన్నాయి, ముందు వారమే నేను డిక్టేషన్ చెప్పి రాయించాను. పాతికేళ్ల అనుభవాన్ని నెల్లూరు దాకా రప్పించి, దాని చేత నా నోట్సును నాకే చదివించిన తమరి శక్తికి జోహార్లు.

కార్యక్రమం ముగిశాక, కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వారి ఫైలు కోసం, తీసిన చోటు అంకెల్లో అచ్చయ్యే జియోట్యాగ్ ఫోటోలు తీశాం. ఫోటో అడుగున అక్షాంశం 14 చిల్లర అని పడింది. ఆ పూట మొత్తం మీద మా ఊరి ప్రస్తావన వచ్చింది అక్కడొక్కచోటే.

చిత్రమేమిటంటే ఆ అంకెలోనే ఒక పూట చెప్పుకోదగ్గ పాఠం ఉంది. 14 డిగ్రీల అక్షాంశం దగ్గర మే, జూన్, జూలై నెలల్లో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిని దాటి కాస్త ఉత్తరానికి ఒరిగి ఉంటాడు. ఉత్తరపు కిటికీకి ఎండ భయం లేదని చలిదేశాల పుస్తకం ఇచ్చే హామీ, సరిగ్గా మనకు ఎండ భయం ఉన్న రోజుల్లోనే మన ఊళ్లో చెల్లదు. వాన సంగతీ అంతే. రాష్ట్రంలో చాలా చోట్ల నైరుతి పెద్ద వాన అయితే, మనకు ఈశాన్యం పెద్ద వాన. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం పట్టిందంటే జల్లు ఏటవాలుగా వచ్చి ఉత్తరపు గోడనూ తూర్పు గోడనూ కొడుతుంది. ఆ వైపు కిటికీల మీద అడుగున్నర సన్‌షేడు చాలదనీ, రెండడుగులు పోయాలనీ ఇక్కడ ఇల్లు కట్టుకున్న ప్రతివారికీ పరుపు ఒకసారి తడిశాక తెలుస్తుంది. మా పిల్లలకు మాత్రం తెలియదు, ఎందుకంటే తడిసిన పరుపు ఫోటోను ఏ అతిథీ తన స్లైడులో పెట్టడు.

ఇక కృష్ణపట్నం ఓడరేవుకు దగ్గరలో, నేలటూరులో, బొగ్గు మండించి కరెంటు తీసే కేంద్రం ఉంది. అక్కడి బూడిద ఇటుకలుగా మారి మా కాలేజీ ముందు నుంచే లారీల మీద పోతుంటుంది. ఫ్లై యాష్ ఇటుక అనే ఆ బూడిద ఇటుక బొమ్మను మా పిల్లలు తెర మీద ఆరుసార్లు చూశారు, చేత్తో ఒక్కసారీ పట్టుకోలేదు.

ఇంత మాటన్నాక, తమరు ఒక్కసారి దారి తప్పిన సంగతి కూడా రాయడం న్యాయం. రెండేళ్ల కిందట ఆగస్టులో, ఉపన్యాసం మధ్యలో కరెంటు పోయింది, జనరేటరు మొరాయించింది. కిటికీలు తెరిచే అలవాటు లేని హాలు గనుక పది నిమిషాల్లో ఆవిరిగదిలా తయారైంది. అందరం బయటపడ్డాం. పిల్లలు ఎవరి దారిన వారు పోయారు. నలుగురు మాత్రం, బస్సు దొరకకో ఏమో, క్యాంటీను వెనక వేపచెట్టు కింద మాతో పాటు నిలబడిపోయారు. ఆనాటి అతిథి మన జిల్లావారే. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఎవరూ అడక్కుండానే, తాను కట్టిన ఒక హాస్టల్ గురించి మొదలుపెట్టారు.

మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి వచ్చే గాలిని పట్టుకోవాలని, ప్రతి గదికీ తూర్పున ఒకటి, పడమట ఒకటి పెద్ద కిటికీలు పెట్టారట. లెక్క కట్టి, నమూనా చేసి, ఏసీల అవసరమే లేదని యజమానిని ఒప్పించారట. కట్టడం బాగా వచ్చింది, పత్రికలో ఫోటో పడింది, దానికి ఆయన ఒక బహుమతి కూడా అందుకున్నారు. ఏడాది తిరిగాక ఒక సాయంత్రం అటు పోతూ చూసుకుందామని ఆగితే, మూడంతస్తుల్లో ఒక్క కిటికీ తెరిచి లేదు. గోడ గోడకీ ఏసీలు వేలాడుతున్నాయి. ఎందుకని వాచ్‌మన్‌ను అడిగితే అతను ఈయన్ని ఎగాదిగా చూసి, ‘ఏంది సార్, తమరిది ఈ ఊరు కాదా? సందేళ కిటికీ తీస్తే దోమలు మనిషిని ఎత్తకపోతాయి’ అన్నాడట.

‘నేను పుట్టింది ఇక్కడే, పెరిగింది ఇక్కడే. నా లెక్కలో గాలి ఉంది, ఎండ ఉంది, తేమ ఉంది. నెల్లూరు దోమ లేదు,’ అన్నారాయన. అప్పుడు అసలు పాఠం మొదలైంది. దోమల మెష్ బిగిస్తే గాలి బాగా తగ్గిపోతుందనీ, అది తర్వాత తగిలించుకునే సామాను అనుకోకుండా కిటికీ కొలతలోనే ముందుగా లెక్క వేసి ఆ మేరకు కిటికీని పెంచాలనీ చెప్పారు. రెండు పట్టాల స్లైడింగు కిటికీ ఎంత వెడల్పుదైనా సగమే తెరుచుకుంటుందనీ, మెష్‌కు మూడో పట్టా కావాలనీ, ఖర్చు తగ్గించమన్నప్పుడు యజమాని మొదట కొట్టేసేది ఆ మూడో పట్టానేననీ, దాన్ని ఎస్టిమేటులో ఏ పద్దు కింద దాచాలో కూడా అగ్గిపెట్టె మీద బొమ్మ గీసి చూపించారు. నలుగురూ ఆ అగ్గిపెట్టె మీదికి వంగిపోయారు. వారిలో ఒకమ్మాయి, ‘ఇది మీ పీపీటీలో ఎందుకు పెట్టలేదు సార్?’ అని అడిగింది. ఆయన నా వైపు చూసి నవ్వి, ‘పెడితే నన్ను మళ్లీ పిలుస్తారామ్మా?’ అన్నారు. నేను బిస్కెట్ల పళ్లెం ముందుకు జరిపాను.

ఆ రోజు నివేదికలో ఆ ఘట్టాన్ని ‘టీ విరామం, 15 నిమిషాలు’ అని నమోదు చేశాను. తమరి నివేదిక ఫారంలో పొరపాట్లకు గడి లేదు. అతిథి సాధించిన విజయాలకు గడి ఉంది, హాజరైనవారి సంఖ్యకు ఉంది, ఫోటోలకు రెండు పేజీలున్నాయి. కొలిచి చూసుకుంటే మొత్తం ఆరేళ్లలో మా పిల్లలకు దక్కిన నిపుణుల అనుభవం ఆ పావుగంట, దానికి కారణం జనరేటరు బ్యాటరీ.

ఇంకో సంగతి కూడా తమరి దృష్టికి తేవాలి. తమరికి పెద్దన్నలాంటి పదవి ఒకటి 2022లో వచ్చింది, ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని. వృత్తిలో 15 ఏళ్ల అనుభవం ఉంటే చాలు, పనిలో గొప్పతనం చూపినవారికి డిగ్రీలు తప్పనిసరి కాదని యూజీసీ స్వయంగా రాసింది. ఆ కాగితం చదివిన ఉత్సాహంలో నేను మా ఇల్లు కట్టిన మేస్త్రి పేరు రాసి పంపాను. ఆయన అనుభవం 40 ఏళ్లు. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల మీదికి నీళ్లెక్కినప్పటి నుంచి, కోవూరు వైపు ఇల్లు మొదలుపెట్టే ముందు చుట్టుపక్కల నాలుగిళ్లలో అడిగి, గోడల మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూసి గానీ బేస్‌మెంటు మట్టం చెప్పడు. నా అర్జీ మూడు రోజుల్లో తిరిగి వచ్చింది. పక్కన ఎర్ర సిరాతో ‘బయోడేటా, పీపీటీ జతపరచలేదు’ అని రాసి ఉంది.

అందుకని ఒక ఆదివారం ఆ నలుగురు పిల్లల్నీ నేనే ఆయన సైటుకు తీసుకుపోయాను. పరీక్షలో రాట్ ట్రాప్ గోడ గురించి ఐదు మార్కులకు ఐదూ తెచ్చుకున్న కుర్రవాడు తాపీ పట్టి మూడు వరసలు కట్టేసరికి, మాలు సగం లోపలి బోలులోకి జారిపోయి అది పూడిపోయింది. మేస్త్రి ఒక ఇటుక తీసి లోపల వేలు పెట్టి చూపించి, ‘అబ్బయ్యా, గాలి ఉండాల్సిన చోట సిమెంటు పోశావు. మిగిలిందేముంది ఇందులో?’ అని మొత్తం పీకించాడు. ఆ తర్వాత బూడిద ఇటుకను ఎర్ర ఇటుకలాగా తొట్టిలో వేసి నానబెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. దానికి పైపైన నీళ్లు చిలకరిస్తే చాలు, నానిన ఇటుకతో కడితే ఆరేటప్పుడు గోడ పగుళ్లిస్తుందన్నాడు. పొద్దు గుంకాక అందరి చేతా పడమటి గోడ మీద అరచేతులు పెట్టించాడు. గోడ అప్పటికీ కాలుతోంది. అదే గోడలో, వేపచెట్టు నీడ పడిన మేర, చల్లగా ఉంది. ఆ నీడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పిల్లలు చీకట్లో చేతులతో తడిమి పట్టుకున్నారు. అటెండెన్సు ఎవరూ అడగలేదు.

తమరి మీద నాకు వ్యక్తిగతమైన కక్ష లేదు. ఫీడ్‌బ్యాకు ఫారాలు 120, అన్నిట్లోనూ ‘ఎక్సలెంట్’ అనే గడిలో టిక్కు పెట్టి, తమరి ఫైలులోనే భద్రపరిచాను. అందులో సుమారు 80 టిక్కులు నావే గనుక తమరి కీర్తిలో నాకూ వాటా ఉంది.

ప్రస్తుత విషయానికి వస్తే, ఈ సెమిస్టరు రెండో లెక్చరు వచ్చే శుక్రవారం. హాలు బుక్ చేయలేదు. ఫ్లెక్సీ ఆర్డరు ఇవ్వలేదు. ఆ హాస్టల్ ఇంజినీరు గారికి ఫోను చేసి, స్లైడులు వద్దు, ఆ అగ్గిపెట్టె ఉంటే తెమ్మన్నాను. మేస్త్రి కూడా పని దిగాక వస్తానన్నాడు. సాయంత్రం ఐదున్నరకు, అంటే దోమలు లేచే వేళకు, మా హాస్టల్ పడమటి గోడ దగ్గర కలుసుకుంటున్నాం. తమరు కూడా తప్పక దయచేయాలి, పూర్తి చేతుల చొక్కా వేసుకుని రండి.

ఇట్లు,
విధేయుడు,
గెస్ట్ లెక్చర్ల సమన్వయకర్త, సివిల్ విభాగం