‘కాలేదు’ కాదు, ‘చేసుకోలేదు’

తెలంగాణ సరిహద్దున మహారాష్ట్రలో ఉన్న మా సిరొంచలో కొత్తవాళ్లతో మాట కలిస్తే ఐదు నిమిషాల్లో వచ్చే ప్రశ్న “లగ్గం అయిందా?” మరాఠీవాళ్లయితే “లగ్న ఝాలం కా?” అంటారు. రెండు భాషల్లోనూ పెళ్లి అనేది దానంతటది ‘అవుతుంది’, వాన పడ్డట్టు. కాలేదంటే ఏదో అడ్డొచ్చిందని అర్థం: జాతకమో, కట్నమో, ఒంట్లో లోపమో. “నేనే చేసుకోలేదు” అనే జవాబుకు ఆ ప్రశ్నలో చోటే లేదు.

మా చిన్నమ్మకు 48 ఏళ్లు. బట్టలు కుడుతుంది. ఎవరడిగినా ఆమె జవాబు ఒకటే: “నాకు అక్కర పడలే.” విన్నవాళ్లు నవ్వేసి, తర్వాత గొంతు తగ్గించి మా అమ్మను అడుగుతారు, “అసలేమైందట?” ఏమీ కాలేదు. పొద్దంతా మిషన్, సాయంత్రం ప్రాణహిత ఒడ్డుదాకా నడక, రాత్రి ఒక తెలుగు సీరియల్, ఒక మరాఠీ సీరియల్. రిమోట్ కోసం కొట్లాట లేదు. సంక్రాంతికి వీధిలో హల్దీకుంకుం (ముత్తయిదువలను పిలిచి పసుపుకుంకుమలిచ్చే పేరంటం) పెడితే ముత్తయిదువల జాకెట్లలో సగం ఆమె కుట్టినవే ఉంటాయి. పిలుపు మాత్రం రాదు.

వీధి సంగతి సరే, సర్కారు కాగితం కూడా ఇదే చూపు చూస్తుంది. మహారాష్ట్ర 2024లో తెచ్చిన లడ్కీ బహిన్ పథకం కింద 21 నుంచి 65 ఏళ్ల మహిళలకు నెలకు 1,500 రూపాయలు. పెళ్లయినవారు, వితంతువులు, విడాకులు తీసుకున్నవారు, భర్త వదిలేసినవారు, నిరాధారులు అర్హులు. అవివాహితలకు వచ్చేసరికి ‘కుటుంబంలో ఒక్కరే’. పెళ్లికాని అక్కాచెల్లెళ్లు ఒకే ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు తప్పుకోవాలి. 2025లో ఈ-కేవైసీ పెట్టి భర్తది లేదా తండ్రిది ఆధార్ అడిగారు. వాళ్లు లేనివారు మరణ ధ్రువపత్రం ఇవ్వొచ్చని తర్వాత వెసులుబాటు కల్పించారు. మా తాత పోయి పన్నెండేళ్లు. చిన్నమ్మ ట్రంకు పెట్టె అడుగు నుంచి ఆ కాగితం తీసి, దుమ్ము దులిపి నవ్వింది. “బతికున్నన్ని రోజులు నేను చూసుకున్న. పోయినంక ఆయన నన్ను చూస్తుండు.”

గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం. అక్కడ తెలంగాణ ప్రభుత్వం 2017 నుంచి ‘ఒంటరి మహిళ’ పింఛను ఇస్తోంది. పల్లెల్లో 30, పట్టణాల్లో 35 దాటిన పేద అవివాహితలకూ వర్తిస్తుంది. ఇవతల సంజయ్ గాంధీ నిరాధార్ పథకంలోనూ 35 దాటిన అవివాహితలున్నారు. ఆ డబ్బు లేనిదే గడవని ఇళ్లు నాకు తెలుసు, కాబట్టి నా అభ్యంతరం డబ్బు మీద కాదు, పేరు మీద. ఒకచోట ఒంటరి, ఒకచోట నిరాధార. ఇద్దరు అక్క కొడుకుల ఫీజులు కట్టి, తల్లిదండ్రులను చివరిదాకా సాకిన మనిషికి ఈ పేర్లు ఎలా అతుకుతాయి? ఆ ఇంటికి ఆధారమే ఆమె.

అసలు చిక్కు ఇక్కడే ఉందనిపిస్తుంది. “పాపం ఒక్కతే” అన్న జాలి చుట్టాలకు బాగా పనికొస్తుంది. ఎవరికి పురుడొచ్చినా, ఎవరు ఆసుపత్రిలో పడ్డా ముందు ఫోన్ ఆమెకే. “నీకేముంది, ఖాళీయే కదా.” నేనూ అన్నాను ఆ మాట, మా అమ్మకు కంటి ఆపరేషన్ అయినప్పుడు. ఆమె ఖాళీగా లేదు. పెళ్లిళ్ల సీజన్ మధ్యలో మిషన్ ఆపి వచ్చింది.

మగవాళ్లకూ తిప్పలున్నాయి, బ్యాచిలర్ అంటే అద్దె ఇల్లు దొరకదు. కానీ వాళ్లను పురుళ్లకు పిలవరు.

“ముసలితనంలో ఎవరు చూస్తారు?” అనే ప్రశ్నను కొట్టిపారేయలేను, భయం నిజమే. అయితే మా వీధిలో కొడుకులు నాగ్‌పూర్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్న ముసలివాళ్లు ఇంటి రెండో తాళంచెవి ఇచ్చింది చిన్నమ్మకే.

మొన్న ఒక రెండో సంబంధం వచ్చింది. ఆయనకు యాభై ఆరు, భార్య పోయింది, వేళకు అన్నం పెట్టే మనిషి కావాలట. “ఆయనకు వంట రాదా?” అనడిగింది చిన్నమ్మ. మధ్యవర్తి ఏమీ అనలేదు. ఛాయ్ తాగి, చెప్పులేసుకుంటూ, తన బిడ్డ జాకెట్ ఎప్పుడిస్తావని అడిగి వెళ్లాడు.