ఫిలిప్పీన్స్ అమెరికాకు ‘అనుకోకుండా’ దక్కలేదు

“అమెరికా ఎప్పుడూ సామ్రాజ్యం కోరుకోలేదు. 1898లో స్పెయిన్‌తో యుద్ధానికి దిగింది క్యూబా ప్రజల కోసమే. ఫిలిప్పీన్స్ అనుకోకుండా చేతికొచ్చింది. వాళ్లకు పాలన నేర్పి, స్వాతంత్ర్యం ఇచ్చేసి వెళ్లిపోయింది.” ఈ మాటలు తెగ తిరుగుతున్నాయి. ఇందులో కొంత నిజం కలిసి ఉంది కాబట్టే జనం నమ్మేస్తున్నారు.

క్యూబా కోసం అన్నది ఆ కొంత నిజం. అక్కడ స్పెయిన్ సైన్యం పల్లె జనాన్ని శిబిరాల్లోకి తోలితే ఆకలితో, రోగాలతో వేలకు వేలమంది చనిపోయారు. పేపర్లలో అది చదివి మామూలు అమెరికన్లు నిజంగానే చలించిపోయారు. క్యూబాను కలుపుకోబోమని అమెరికన్ కాంగ్రెస్ తీర్మానం కూడా చేసింది. అయితే ఆ హామీ క్యూబా వరకే. స్పెయిన్ చేతిలోనే ఉన్న మిగతా వలసలు ప్యూర్టో రికో, గువామ్, ఫిలిప్పీన్స్ ఊసే అందులో లేదు. పోనీ క్యూబానైనా వదిలారా? తమ సైన్యం ఎప్పుడైనా జోక్యం చేసుకోవచ్చని 1901లో ఆ దేశ రాజ్యాంగంలోనే రాయించారు. 1903లో తీసుకున్న క్యూబాలోని గ్వాంటనామో నౌకాదళ స్థావరం ఇప్పటికీ వాళ్ల చేతిలోనే ఉంది.

‘అనుకోకుండా’ అనే మాట చూస్తేనే నాకు కోపమొస్తుంది. యుద్ధానికి రెండు నెలల ముందే, 1898 ఫిబ్రవరి 25న, నౌకాదళ శాఖలో సహాయ కార్యదర్శిగా ఉన్న థియోడోర్ రూజ్‌వెల్ట్ ఆసియాలోని నౌకాదళ అధిపతి డ్యూయీకి టెలిగ్రాం కొట్టాడు. నౌకల్ని హాంకాంగ్ చేర్చు, బొగ్గు నిండుగా ఉంచుకో, యుద్ధమొస్తే ఫిలిప్పీన్స్ మీద దాడికి సిద్ధంగా ఉండు అని. మే 1న మనీలా తీరంలో స్పెయిన్ ఓడలు నాశనమయ్యాయి. శత్రువు ఓడల్ని దెబ్బతీయడం యుద్ధతంత్రమే, ఒప్పుకుంటాను. మరి గెలిచాక ఎందుకు ఉండిపోయారు?

దానికి జవాబు సెనేటర్ బెవరిడ్జ్ 1900లో సభలోనే ఇచ్చాడు: ఫిలిప్పీన్స్ శాశ్వతంగా మనదే, దాని అవతలే చైనా అంతులేని మార్కెట్లు ఉన్నాయి అని. 1893 ఆర్థిక సంక్షోభం తర్వాత తమ సరుకుకు బయట గిరాకీ కావాలని అమెరికన్ వ్యాపారులు గట్టిగా అడుగుతున్నారు. ఆవిరి ఓడలకు దారిపొడవునా బొగ్గు నిల్వలూ కావాలి. యుద్ధం నడుస్తుండగానే ఆ దారిలోని హవాయి దీవుల్ని కలుపుకున్నారు. అక్కడి రాణిని 1893లో కూలదోసింది చెరకు తోటలవాళ్లూ వాళ్ల మిత్రులూ. అమెరికన్ సైనికులు ఒడ్డున దిగి అండగా నిలిచారు. క్యూబాకూ దీనికీ ఏమిటి సంబంధం?

ఇక ‘పాలన నేర్పారు’ అనడం. ఫిలిప్పినోలు 1898 జూన్ 12నే స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు, మరుసటి జనవరికి సొంత రాజ్యాంగం అమల్లోకి తెచ్చుకున్నారు. మధ్యలో డిసెంబరులో అమెరికా, స్పెయిన్ పారిస్‌లో కూర్చుని, ఒక్క ఫిలిప్పినోను కూడా పిలవకుండా, 2 కోట్ల డాలర్లకు ఆ దేశాన్ని చేతులు మార్చేశాయి. 1899 ఫిబ్రవరిలో అమెరికాతో మొదలైన యుద్ధంలో సుమారు 20,000 మంది ఫిలిప్పినో యోధులు చనిపోయారు. హింస, కరువు, కలరా కలిసి 2 లక్షల దాకా మామూలు జనాన్ని బలితీసుకున్నాయని అంచనా.

స్వాతంత్ర్యం ఇచ్చింది 1946లో, అంటే దాదాపు 48 ఏళ్లకు. అప్పుడు కూడా గనుల్లో, అడవుల్లో అమెరికన్లకు స్థానికులతో సమాన హక్కులు ఇవ్వాలని వాణిజ్య చట్టంలో షరతు పెట్టారు. ఫిలిప్పీన్స్‌లోని సుబిక్ బే స్థావరం నుంచి అమెరికా నౌకాదళం ఖాళీ చేసింది 1992లో.