బామ్మర్ది బూస్టర్లు

హనుమకొండ నయీంనగర్‌లోని ఆ ఇంట్లో కంప్యూటర్ ఆన్ చేసినవాళ్లు దాని ముందు కూర్చోరు. బటన్ నొక్కి స్నానానికి పోతారు. తల తుడుచుకుంటూ వచ్చేసరికి నల్ల తెర మీద తెల్లచుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతుంటాయి. బిడ్డ ఎప్‌సెట్ హాల్‌టికెట్ తీయాల్సిన పొద్దున కూడా అదే తంతు.

"వైరస్ జొచ్చింది" అని తేల్చేశాడు ఇంటాయన. పిల్లగానికి జ్వరమొస్తే దిష్టి అన్నట్టు, కంప్యూటర్‌కు ఏమైనా అందరి నోటా వైరసే.

కాజీపేట నుంచి బామ్మర్ది బండేసుకొని దిగాడు. ఆయన దగ్గర ఒకటే విద్య, కంప్యూటర్ వేగం పెంచుతామని చెప్పుకునే ఫ్రీ బూస్టర్ సాఫ్ట్‌వేర్లు దించడం. మూడు దించాడు. ఒకటి విండోస్ సెట్టింగుల చిట్టా అయిన రిజిస్ట్రీని కడుగుతుందట, ఇంకోటి ర్యామ్ ఖాళీ చేస్తుందట, మూడోది ఏం చేస్తుందో రాసినవాడికే తెలియాలి. ఉన్న యాంటీవైరస్‌కు తోడు ఇంకోటి ఎక్కించాడు. మర్నాటికి ఐదు నిమిషాల్లో లేచేది ఎనిమిదయింది. కాదా మరి? బూస్టర్లన్నీ విండోస్‌తో పాటే లేచే స్టార్టప్ లిస్టులోనే తిష్ఠ వేస్తాయి. రెండు యాంటీవైరస్‌లుంటే తెరిచిన ప్రతి ఫైలునూ ఒకరి తర్వాత ఒకరు సోదా చేస్తారు.

అసలు చూడాల్సింది ఎక్కడ ఆగుతున్నదని. విండోస్ గుర్తు రాకముందా, చుక్కలు తిరిగేటప్పుడా, డెస్క్‌టాప్ వచ్చాకనా? మూడింటికీ దొంగలు వేరు.

ఈ ఇంట్లో మూడు చోట్లా ఆగుతున్నది. మొదట నల్ల తెర, ఎఫ్1 నొక్కమని ఒక ఇంగ్లిష్ వాక్యం. మూలన తేదీ చూస్తే 2009 జనవరి 1. ఆ కంప్యూటర్ లెక్కలో తెలంగాణ ఇంకా రాలేదు! మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ, సీఆర్2032, మూడు వోల్టులది, అయిపోయింది. రాత్రి గోడ స్విచ్ కట్టేయగానే గడియారం, బయోస్ (విండోస్ కన్నా ముందు లేచే మదర్‌బోర్డు ప్రోగ్రాం) సెట్టింగులు రెండూ మరిచిపోతున్నది. తేదీ తప్పితే సైట్ల గుర్తింపు సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజర్ చాలా సైట్లను తెరవదు. హాల్‌టికెట్ రాకపోవడానికి అదే కారణం. చౌరస్తాలో వాచీల దుకాణంలో అడిగినా బ్యాటరీ దొరుకుతుంది. ప్లగ్గు పీకి, ప్లస్ గుర్తు పైకి ఉండేట్టు వేయాలి. ఇక వెనకాల మేడారం జాతర ఫొటోల పెన్‌డ్రైవ్ ఒకటి ఎప్పుడో గుచ్చి మరిచిపోయారు. బయోస్ రోజూ దాంట్లో విండోస్ ఉందేమోనని వెతికి, లేదని తెలుసుకొని, అప్పుడు డిస్క్ దగ్గరికి వెళ్తున్నది.

డబ్బా మూత తీస్తే లోపల ఐదారు దసరాల పసుపు కుంకుమ. ఆయుధ పూజకు జాలీ మీదనే బొట్లు పెడితే ఫ్యాన్ ఊరుకుంటుందా, లోపలికి లాగేసింది. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రెక్కల మధ్య ఎర్రగా అట్ట కట్టింది. వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. మెత్తటి బ్రష్‌తో, ఫ్యాన్ తిరగకుండా వేలు పెట్టి పట్టుకొని దులపాలి. బొట్టు టేబుల్‌కు పెట్టుకోవచ్చు, దేవుడేమీ అనుకోడు.

డెస్క్‌టాప్ వచ్చాక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. స్టార్టప్ ట్యాబ్‌లో భారం 'హై' అని ఉన్న అక్కరలేనివన్నీ డిసేబుల్ చేయాలి. పిల్లల గేమ్ లాంచర్లు, ఎప్పుడో అమ్మేసిన ప్రింటర్ తాలూకు సాఫ్ట్‌వేర్, బామ్మర్ది కానుకలు, అన్నీ అక్కడే కొలువై ఉన్నాయి. సీపీయూ కింద 'అప్ టైమ్', అంటే పూర్తిగా ఆగకుండా నడుస్తున్న కాలం, చూస్తే నలభై రోజులు. "రోజూ షట్‌డౌన్ చేస్తున్న గదనే!" అన్నాడు ఇంటాయన. చేస్తున్నాడు, నిజమే. కానీ విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్‌లో విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్ పూర్తిగా ఆగదు, డిస్క్ మీద పడుకుంటుంది. పూర్తిగా కొత్తగా లేవాలంటే రీస్టార్టే.

పెద్ద దొంగ మాత్రం హార్డ్‌డిస్క్. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ నూరు శాతం, వేగం చూస్తే సెకనుకు ఒకటి రెండు ఎంబీలు. ఇదెట్లా అంటే, నిమిషానికి 7200 చుట్లు తిరిగే పళ్లెం మీద చదివే ముల్లు సెకనుకు ఇంచుమించు వంద చోట్లకు మించి పోలేదు. విండోస్ లేచేటప్పుడు అడిగేవేమో వేల చిన్న ఫైళ్లు. దీనికి ఏ బూస్టరూ చాలదు, తిరిగే పళ్లెం లేని ఎస్ఎస్‌డీ వేయాల్సిందే. పాత డిస్క్‌ను దాని ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూస్తే 'కాషన్' అని పసుపు రంగు. అంటే డిస్క్ మీద పాడైన చోట్లు (సెక్టార్లు) మొదలయ్యాయి. ముందు ఫొటోలు వేరేచోట కాపీ చేసుకోవాలి, మిగతా పనులు తర్వాత.

256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ తెచ్చి, పాతదాని నకలు దాంట్లోకి దించి, అంటే క్లోన్ చేసి, బిగించి, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి బటన్ నొక్కారు. మళ్లీ అవే చుక్కలు, అవే ఐదు నిమిషాలు.

"అన్ని పైసలు మోరీల పోసినట్టాయె" అన్నది ఇంటామె.

మోరీలో ఏం పోలేదు. పాత డిస్క్ కేబుల్ పీకలేదు, బయోస్‌లో దానిదే మొదటి నంబరు. పక్కన కొత్తది ఖాళీగా కూర్చుంటే పాతదే ఎప్పట్లాగే ఈడుస్తున్నది. క్లోన్ చేశాక మొదటిసారి పాతది విప్పే లేపాలి. తర్వాత డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బూట్ ఆర్డర్‌లో కొత్తదాన్ని పైకి తేవాలి. ఆ పని చేశాక పాతికే సెకన్లు.

అయితే క్లోన్‌కు మంచీ చెడూ తెలియదు, ఉన్నదున్నట్టు మోసుకొస్తుంది. స్టార్టప్ లిస్టులో కనపడకుండా, తెర వెనక నడిచే సర్వీసుగా దాక్కున్న బూస్టర్ ఒకటి కొత్త డిస్క్ మీదికీ వచ్చింది. అట్లాంటిది స్టార్టప్ ట్యాబ్‌లో డిసేబుల్ చేస్తే పోదు, అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. చేసేలోపే తెర మూలన పచ్చటి పెట్టె తెరుచుకుంది. మీ కంప్యూటర్ వేగం పెరిగిందని, అంతా తన చలవేనని చెప్పుకున్నది.

బామ్మర్ది మీసం దువ్వాడు. "చూసినవా బావా, నేనేసిన మందు జర ఆలస్యంగ పనిచేస్తది!"