కడిగి ఆరబెట్టినంత మాత్రాన మిద్దె మీది గంజాయి స్వచ్ఛమైపోదు

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒకే మెసేజ్ మూడుసార్లు తిరిగింది. ‘మిద్దె మీద సొంతానికి రెండు గంజాయి మొక్కలు పెంచుకుంటే కేసు కాదు, కోశాక సోడా నీళ్లలో కడిగి నీడలో ఆరబెడితే మందులూ బూజూ అన్నీ పోతాయి, బయట కొనేదానికన్నా స్వచ్ఛం, పైగా ఆయుర్వేదంలోనే ఉంది’ అని దాని సారాంశం. పంపినవాళ్లలో ఇద్దరికి ఇంటర్ చదివే పిల్లలున్నారు, అందుకే ఊరుకోలేక రాస్తున్నా.

ముందు కేసు సంగతి. మత్తుపదార్థాల మీద ఉన్న 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 8వ సెక్షన్‌లో గంజాయి మొక్క పెంచడాన్నే నిషేధించారు. పెంచితే 20(ఎ) కింద పదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. సొంతానికా, అమ్మకానికా అన్న తేడా ఆ సెక్షన్‌లో లేదు, రెండు మొక్కలకు మినహాయింపూ లేదు. అందరూ చెప్పుకునే ‘కిలో లోపయితే చిన్న కేసే’ అన్న మాట కోసిన సరుకు దగ్గర పెట్టుకోవడానికి సంబంధించింది. దానికైనా ఏడాది వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఇంకోటి కూడా తెలుసుకోండి. ఇల్లు మీదై ఉండి, మిద్దె మీద కుండీలో ఏముందో తెలిసీ పెంచనిస్తే 25వ సెక్షన్ కింద మీకూ అదే శిక్ష.

‘ఆకు గంజాయి కిందికి రాదు’ అనేది సగం నిజం. పూత, కాయ ఉన్న కొసల్నే చట్టం గంజాయి అంటుంది, వాటితో కలవని ఉత్త ఆకును, గింజల్ని ఆ లెక్కలోంచి తీసేసింది. కానీ ఆకు కోసమని మొక్క పెంచినా మొక్క పెంచినట్టే కదా!

ఇక కడగడం. మాది కళ్యాణదుర్గం పక్క పల్లె. బుడ్డలు, అంటే వేరుశనగ, పెరికి కుప్పేశాక వాన తగిలితే ఏమవుతుందో చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాణ్ణి. పైకి ఎండినట్టే ఉంటాయి, చెయ్యి లోపలికి పెడితే వెచ్చగా తగులుతుంది, నాలుగు రోజులకు పప్పు మీద పచ్చటి బూజు. ఆ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ విషం కడిగినా పోదు, వేయించినా పూర్తిగా పోదు, అందుకే కాయలో తేమ ఎనిమిది తొమ్మిది శాతానికి దిగేదాకా నిల్వ చేయొద్దని చెప్తారు. గంజాయి పూత అంతకన్నా దట్టం, పైగా జిగురు. దాన్ని నీళ్లలో ముంచితే పైన ఉన్న దుమ్ము, పురుగులు కొన్ని పోతాయి, అంతవరకు ఒప్పుకుంటా. లోపలి బూజు పోదు, సరిగ్గా ఆరకపోతే ఆ తడే కొత్త బూజుకు దారి అవుతుంది. మన ఎండకు ఏదైనా ఆరిపోతుందనే ధీమా వద్దు, పైన పెళుసుగా అయ్యాక కూడా నడుమ తేమ ఉండిపోతుంది.

గంజాయి అమ్మకానికి చట్టం ఒప్పుకున్న కాలిఫోర్నియాలోనే చూడండి. పొగగా పీల్చే సరుకులో నాలుగు రకాల ఆస్పర్‌జిల్లస్ బూజు ఉందేమోనని ల్యాబులో పరీక్షించకుండా అమ్మనివ్వరు, మన బుడ్డలకు పట్టే ఫ్లేవస్ వాటిలో ఒకటి. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు, అంటే క్యాన్సర్ మందులు వాడేవాళ్లకు, అవయవ మార్పిడి అయినవాళ్లకు ఈ బూజు ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణం మీదికి వస్తుంది. నొప్పులకు మంచిదని ఈ మెసేజ్ పంపేది కూడా అలాంటివాళ్లకే, నా కోపం అందుకే.

పురుగుమందుల మాట. పక్కన పత్తి చేనుంటే, మోనోక్రోటోఫాస్ లాంటి అంతర్వాహిక మందు ఎగిరొచ్చి పడితే, అది ఆకులోకి ఇంకి రసంలో కలుస్తుంది. సోడా నీళ్లు దాన్ని బయటికి లాగలేవు. నేలలోని కాడ్మియం లాంటి లోహాల్ని కూడా ఈ మొక్క వేళ్లతో పీల్చుకుంటుంది. ఆ గుణం చూసే అణు ప్రమాదం జరిగిన చెర్నోబిల్ దగ్గర చెడిపోయిన నేలను బాగుచేయడానికి ఇదే జాతి నార మొక్కను వేసి చూశారు. కాబట్టి పాత పెయింటు డబ్బాలో మురికి మట్టి నింపి పెంచినదాన్ని ఎంత కడిగితే ఏం లాభం?

ఆరబెడితే మత్తు తగ్గి మందులా మిగులుతుందని ఆ మెసేజ్‌కు ఎవరో తోక తగిలించారు. ఆరితే పోయేది నీరే. బరువు తగ్గుతుంది, మిగిలినదాంట్లో ఘాటు గ్రాముకు ఇంకా ఎక్కువే. పచ్చి మొక్కలో ఆమ్ల రూపంలో ఉండే పదార్థం వేడి తగిలితే మత్తిచ్చే టీహెచ్‌సీగా మారుతుంది, కాల్చినప్పుడు జరిగేది అదే.

ఆయుర్వేదంలో భంగ, అంటే ఈ గంజాయి మొక్కే, ఉంది, నిజం. ఔషధ నిబంధనల్లోని విష ద్రవ్యాల పట్టికలోనూ, షెడ్యూల్ ఈ(1)లో, ఉంది. అది కలిసిన మందు డబ్బా మీద వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని హెచ్చరిక వేయాలి. దాన్ని శుద్ధి చేసే పద్ధతి, మోతాదు వైద్యుడికి తెలిసిన విద్య, మిద్దె మీద బకెట్‌తో అయ్యే పని కాదు.

ఇంట్లో పిల్లోడు ఇప్పటికే దీనికి అలవాటు పడ్డాడని అనుమానం ఉంటే కొట్టకండి, టెన్షన్ పడి దాచిపెట్టకండి కూడా. వాడకం, చిన్న మోతాదు కేసుల వరకు, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపున్న చోట చికిత్సకు వెళ్లినవాళ్లకు 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది, చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసేయొచ్చు. మొక్క పెంచిన కేసుకు అది వర్తించదు. మత్తు మాన్పించే సలహాకు కేంద్రం పెట్టిన ఉచిత నంబరు 14446, ఆ మెసేజ్ కిందే ఈ నంబరు పెట్టి మళ్లీ గ్రూపులోకి పంపండి.