బడి మూసి పరీక్ష పెడతారా?

బ్రిటన్‌కు పనికి వెళ్లేవారి ఇంగ్లిషు మీద లండన్ ప్రభుత్వం పట్టు బిగించింది. 2026 జనవరి 8 నుంచి నైపుణ్య వీసాకు కొత్తగా దరఖాస్తు చేసేవారు ఇంగ్లిషులో మధ్యస్థమైన బీ1 కాదు, దానికి పై మెట్టు అయిన బీ2 స్థాయి చూపాలి. అక్కడి పిల్లలు పద్దెనిమిదేళ్లకు రాసే ఏ-లెవెల్ పరీక్షతో అది సమానమని ప్రభుత్వమే చెబుతోంది. శాశ్వత నివాసానికీ అదే మెట్టు పెట్టాలన్నది దాని ఉద్దేశం. వెళ్లిన దేశంలో బతకాలంటే ఆ దేశపు మాట రావాలి. కాదనేవారు లేరు. మరి ఆ మాట నేర్పేది ఎవరు?

ఇంగ్లండ్‌లో పరభాషల పెద్దలకు ఇంగ్లిషు నేర్పే తరగతులకు 2009-10లో 20.3 కోట్ల పౌండ్ల ప్రభుత్వ నిధులు అందేవి. 2015-16 నాటికి అవి 9 కోట్లకు పడిపోయాయి. తరగతి గదులకు తాళం వేసిన చేతులే ఇప్పుడు ప్రశ్నపత్రం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాయి. ఇంతకు మించిన ద్వంద్వనీతి ఉంటుందా?

భర్త ఉద్యోగం వెంట ఇంగ్లండ్‌లోని స్లౌకో రెడింగ్‌కో వెళ్లిన మన ఇల్లాలిని తలుచుకోండి. పిల్లలు నిద్రపోయాక వంటింటి బల్ల మీద వ్యాకరణ పుస్తకం తెరిచి ఖాళీలు పూరిస్తుంది. తెలుగులో ఆర్టికల్ అనేదే లేదు. ‘ఏ’ ఎక్కడ, ‘ది’ ఎక్కడ అన్నది సూత్రం బట్టీ పడితే రాదు. తప్పు మాట్లాడినా నవ్వని నలుగురి మధ్య కూర్చుంటే వస్తుంది. ఆ నలుగురు దొరికే చోటు తరగతి గదే. దానినే లేకుండా చేసి, నీకు భాష రాలేదంటున్నారు.

ఇక సంస్కృతి పాఠం. శాశ్వత నివాసం కోరేవారు ‘లైఫ్ ఇన్ ది యూకే’ పరీక్ష కూడా నెగ్గాలి. 45 నిమిషాలు, 24 ప్రశ్నలు, 18 సరైన జవాబులు, రాసిన ప్రతిసారీ 50 పౌండ్లు. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ ఆరుగురు భార్యల సంగతి చదవాలి. 1810లో లండన్‌లో తొలి భారతీయ వంటకాల హోటల్ తెరిచిన షేక్ దీన్ మహమ్మద్ గురించీ చదవాలి. ఆయన కథ చదవదగినదే. కానీ జబ్బు చేసిన బిడ్డను ఎక్కడికి తీసుకెళ్లాలో తెలియని తల్లికి ఈ తేదీలు ఏ సంస్కృతిని పరిచయం చేస్తాయి? ఏదో ఒక మూలనున్న విషయాలను ఏరి కుప్పపోశారని 2022లో బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభ కమిటీయే తప్పుపట్టింది.

అంతకన్నా బాధించేది మరొకటి ఉంది. 2013లో వచ్చిన ఆ పరీక్ష పుస్తకం మూడో కూర్పులో, బ్రిటిష్ సామ్రాజ్యం చాలావరకు క్రమపద్ధతిలో కామన్వెల్త్ అనే దేశాల కూటమిగా మారిందని, దేశాలకు స్వాతంత్ర్యం ఇచ్చారని రాశారు. 1947లో పంజాబ్ గుండా నెత్తుటితో నడిచిన రైళ్లు క్రమపద్ధతా? బానిసత్వం, సామ్రాజ్యం గురించి ఆ పుస్తకం తప్పుదారి పట్టిస్తోందని 2020లో 180 మందికి పైగా చరిత్రకారులు హోం శాఖను నిలదీశారు. విభజన గాయం మోసిన కుటుంబాల మనవలు ఆ వాక్యం చదివి, రుసుము కట్టి, పరీక్ష రాయాలి! నేర్పనిదానికి మార్కులు వేయడం ఒక తప్పు. నేర్పే కొంచెంలోనూ నిజం దాచడం అంతకన్నా పెద్ద తప్పు.

భాష మీద అంత మక్కువ ఉన్న ప్రభుత్వం ముందు ఆ తరగతుల డబ్బు వెనక్కి ఇవ్వాలి. ఆ పేజీని తిరగరాయాలి. ఈ రెండూ చేయకుండా మా ఆడపడుచుల క్రియాపదాల్లో తప్పులు వెతికే అర్హత లండన్ పాలకులకు లేదు.