షిరకావా-గోకి గంట సరిపోదు

జపాన్‌లోని నగోయాలో పొద్దున్నే బస్సెక్కించి, తకాయామా చూపించి, భోజనం పెట్టించి, గడ్డి కప్పుల ఇళ్లున్న కొండపల్లె షిరకావా-గోలో దింపి, రాత్రికల్లా మళ్లీ నగోయాకి చేర్చే ఒకరోజు టూర్లు ఉంటాయి. ఇండియా నుంచి అమ్మానాన్న వస్తే ఇక్కడ మనవాళ్లు చాలామంది బుక్ చేసేది ఇదే. మొన్న నేనూ చేశాను. గైడ్ మంచి మనిషి. బస్సు సౌకర్యంగా ఉంది, ఎక్కడా నిమిషం ఆలస్యం కాలేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాన్న తప్పకుండా చూడాల్సిన ఊరికి ఆయన్ని తీసుకెళ్లి, చూడనివ్వకుండానే వెనక్కి తెచ్చేశానన్న బాధ.

షిరకావా-గోలో మాకిచ్చింది గంట. కొండ మీది వ్యూపాయింటుకి షటిల్ బస్సు లైను, అక్కడ ఫోటోలు, మళ్లీ దిగిరావడం, వీటికే ముప్పావుగంట అయిపోయింది. మిగిలిన పావుగంటలో వదా వారి ఇంట్లోకి పరిగెత్తాం. ఊళ్లోకెల్లా పెద్ద ఇల్లు అదే. ఆ కుటుంబం ఇప్పటికీ అందులో ఒక భాగంలో ఉంటోంది.

నాన్న పుట్టింది శ్రీకాకుళం జిల్లాలో, గడ్డి ఇంట్లో. అటక మీదికి ఎక్కగానే ఆయన కిటికీ వైపు వెళ్లలేదు, తలెత్తి కప్పు చూస్తూ నిలబడిపోయారు. వాసాలూ దూలాలూ కలిసే ప్రతిచోటా మణికట్టంత లావున తాళ్లు చుట్టి ఉన్నాయి. ఎక్కడా మేకు లేదు. తాళ్లు పొగచూరి నల్లగా, గట్టిగా, కాల్చిన ఇనుములా ఉన్నాయి. నాన్న చెయ్యెత్తి, ముట్టుకోకుండా ఆపేసి, "కింద పొయ్యి ఉండాలమ్మా, పొగ లేకపోతే ఈ గడ్డి పురుగు పట్టేస్తుంది" అన్నారు. నిజమే. కింద గదిలో నేలలోనే గుంట పొయ్యి ఉంది, దాన్ని ఇరోరి అంటారు. దాని పొగే తాళ్లనీ గడ్డినీ కాపాడుతుంది. ఎవరూ చెప్పకుండానే ఆయనకి అర్థమైంది. ఆ తర్వాత రెండు నిమిషాలకే బస్సు టైమైపోయిందని నేనే ఆయన చెయ్యి పట్టుకుని కిందికి దించాను.

బస్సులో గైడ్ ఈ ఊరిని "కథల్లో ఊరు" అని నాలుగైదుసార్లు అన్నారు. నా అభ్యంతరం అక్కడే. ఇది కష్టం మీద నిలబడిన ఊరు. కప్పులు రెండు చేతులు జోడించినట్టు ఉంటాయి కాబట్టి వీటిని గష్షో ఇళ్లు అంటారు. దాదాపు 60 డిగ్రీల వాలు, ఎందుకంటే అక్కడ మనిషి ఎత్తు దాటి మంచు పడుతుంది, వాలు లేకపోతే కప్పు కూలిపోతుంది. ఇళ్లన్నీ ఒకే వైపు తిరిగి ఉండటం కూడా అందం కోసం కాదు. లోయ వెంట వీచే గాలికి కప్పు అడ్డం పడకూడదు, రెండు వాలులకీ ఎండ సమానంగా తగిలి మంచు కరగాలి. పైనున్న అంతస్తులు పట్టుపురుగుల కోసం. ఇక నేల కింద గుంటలు తవ్వి, మట్టీ, పట్టుపురుగుల పెంటికలూ, అడవి ఆకులూ పొరలుగా వేసి, ఏళ్ల తరబడి మాగబెట్టి సూరేకారం తీసేవాళ్లు. తుపాకీ మందుకి అదే ముడిసరుకు. పక్కనే ఉన్న గొకాయామాలో చేసిన సూరేకారం కనజావాలోని కగా ప్రభువులకి వెళ్లేది. పైన పట్టు, మధ్యలో కాపురం, కింద తుపాకీ మందు. ఇంత ఉన్న ఇంటి ముందు నిలబెట్టి "ఫోటో బాగా వస్తుంది" అని మాత్రమే చెబితే ఎలా?

ఈ కప్పు ముప్ఫై, నలభై ఏళ్లకోసారి మళ్లీ నేయాలి. ఒక్క కుటుంబం వల్ల అయ్యే పని కాదు. ఊరంతా వస్తుంది, పెద్ద ఇల్లయితే రెండు వందల మంది దాకా కప్పెక్కుతారు. ఈరోజు నీ ఇంటికి నేను, రేపు నా ఇంటికి నువ్వు. దాన్ని యుయి అంటారు. మన పల్లెల్లో నాట్లకి బదులు వెళ్లడం తెలిసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మిబొరో డ్యామ్ 1961లో పూర్తయ్యేనాటికి ఆ లోయలో కొన్ని పల్లెలు నీళ్ల కిందికి పోయాయి. ఇళ్లు ఒక్కొక్కటే అమ్ముడుపోతుంటే 1971లో, షిరకావా-గోలో మేం చూసిన పల్లె ఓగిమాచి వాళ్లు కూర్చుని మాట అనుకున్నారు: అమ్మం, అద్దెకివ్వం, పడగొట్టం. 1995లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మన గైడ్లందరూ మొదలుపెట్టేది 1995 నుంచి. నాకైతే 1971 ముఖ్యం. ఆ మాట మీద వాళ్లు నిలబడకపోతే మనం చూడ్డానికి అక్కడ ఏమీ మిగిలేది కాదు.

తకాయామా గురించి నాకు పెద్ద ఫిర్యాదు లేదు. సన్‌మాచి వీధుల్లో సాకే (బియ్యంతో చేసే మద్యం) అంగళ్ల ముందు దేవదారు కొమ్మలతో కట్టిన గుండ్రటి బంతులు వేలాడుతుంటాయి. కొత్త సాకే వచ్చినప్పుడు పచ్చగా కట్టి, రంగు మారి గోధుమ రంగు వచ్చేదాకా అలాగే ఉంచుతారు. అమ్మకి అది బాగా నచ్చింది. అది పట్నం, గంటన్నర తిరిగినా ఎంతో కొంత చేతికొస్తుంది. పల్లె అలా కాదు.

టూర్ నడిపేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: ఒక ఊరు తగ్గించండి. ఒక్క ఇంట్లో, పొయ్యి పక్కన, అరగంట కూర్చోబెట్టండి. తప్పు వాళ్లదొక్కరిదే అని కూడా అనను. బుక్ చేసేముందు మనం లెక్కపెట్టేది ఎన్ని ఊళ్లు వస్తున్నాయనే కదా, నేనూ అలాగే లెక్కపెట్టాను. ఇంకో మాట. అవి మనుషులు ఉంటున్న ఇళ్లు. మా బస్సులోని ఒకాయన ఎవరిదో వంటింటి కిటికీకి ఫోన్ ఆనించి వీడియో తీస్తుంటే లోపల ఒక పెద్దావిడ చేస్తున్న పని ఆపేసి పక్కకి తప్పుకుంది. దయచేసి అలా చేయకండి. మీ అమ్మమ్మ ఇంటి కిటికీ అనుకోండి. గడ్డి కప్పుల ఊరు కాబట్టి అక్కడ సిగరెట్ అసలే వద్దు. నిప్పంటే వాళ్లకి ఎంత భయమో తెలియాలంటే శరదృతువులో ఊరంతా ఒకేసారి నీళ్లు చిమ్మి చేసే అగ్నిమాపక డ్రిల్ చూడాలి.

వెళ్లాలనుకునేవాళ్లకి: టూర్ లేకుండానే తకాయామా నుంచి షిరకావా-గోకి బస్సులో యాభై నిమిషాలు. ఇంకా నెమ్మదిగా చూడాలంటే గొకాయామాలోని ఐనోకురా. అక్కడున్నవి ఇరవై గష్షో ఇళ్లు మాత్రమే, కొన్నింట్లో రాత్రికి ఉండొచ్చు. షిన్-తకావొకా స్టేషన్ నుంచి బస్సు ఉంది.

తిరుగు ప్రయాణంలో, చీకటి పడ్డాక, నాన్న నన్ను అడిగారు: "మరి అంత గడ్డి ఎక్కడ పెంచుతారమ్మా?" నాకు తెలియలేదు. గైడ్ నిద్రపోతున్నారు. ఇంటికొచ్చాక వెతికితే, ఐనోకురాలో ఇళ్ల వెనక కొండవాలు మీదే గడ్డి పొలాలు ఉన్నాయని, చలి ముదిరేలోపు కోస్తారని తెలిసింది. ఆయన వీసాకి ఇంకా టైముంది. శరదృతువులో అక్కడే ఒక ఇంట్లో రెండు రాత్రులకి గది తీసుకున్నాను.