సవరణ: అయిదు ప్రమాణాలు కావు, ఆరు భావనలు

లైబ్రేరియన్ల శిక్షణపై ముందటి పోస్టులో, సమాచార అక్షరాస్యతకు (సమాచారాన్ని వెతికి, బేరీజు వేసి, వాడుకునే నేర్పుకు) అమెరికాలోని కళాశాల, పరిశోధన గ్రంథాలయాల సంఘం ఏసీఆర్‌ఎల్ 2000లో ఇచ్చిన అయిదు ప్రమాణాలే ఇప్పటికీ అమల్లో ఉన్నాయని రాశాం. అది తప్పు. 2016 జనవరిలో ఆరు భావనల ఫ్రేమ్‌వర్క్‌ను ఆమోదించారు, జూన్‌లో పాత ప్రమాణాలను రద్దు చేశారు.

అసలు తేడా మదింపులో ఉంది. పాతవాటికి టిక్కులు పెట్టుకుంటూ పోవచ్చు. కొత్త భావనలతో అది కుదరదు, సాధించాల్సిన ఫలితాలను ఎవరి సంస్థకు వారే రాసుకోవాలి. ‘ప్రామాణికత సందర్భాన్ని బట్టి’ అన్న భావననే తీసుకోండి. విద్యార్థులకు ఒకే విషయంపై పరిశోధన వ్యాసం, వార్త, వికీపీడియా పేజీ ఇచ్చి, ఏది ఏ అవసరానికి పనికొస్తుందో, ఎందుకో రెండేసి వాక్యాలు రాయించండి. ఆ ‘ఎందుకు’ అడగకపోతే కళ్లు మూసుకుని పరిశోధన వ్యాసానికే గుర్తు పెట్టేస్తారు. గంట తరగతిలో ఆరూ కుక్కొద్దు, ఒక్కటి చాలు.